పేరు వంటవాడిది, పంట పెరటిది: రష్యావాళ్ళ చలికాలపు సలాడ్ కథ



డిసెంబరు 31 రాత్రి రష్యాలో దాదాపు ప్రతి ఇంట్లో ఒక పెద్ద గిన్నె బల్ల మీదకి వస్తుంది. ఒలివియే సలాడ్. మన పెళ్ళిళ్ళ బఫేల్లో 'రష్యన్ సలాడ్' అని తెల్లగా, చల్లగా పెడతారు చూడండి, దానికి ఇది పెద్దక్క లాంటిది. మనకి సంక్రాంతికి అరిసెలు ఎలాగో వాళ్ళకి కొత్త సంవత్సరానికి ఇది అలాగ. దీనికి 'జిమ్నీ' అని ఇంకో పేరు కూడా ఉంది. చలికాలపు సలాడ్ అని అర్థం.

ఒలివియే అనేది ఒక హోటలు వంటవాడి పేరు. చరిత్ర రాసినవాళ్ళు ఆయన దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం ఇందులో పడే దుంప ఎవరు పండించారు అన్న వైపు నుంచి చెబుతాను. ఎందుకంటే ఈ గిన్నెని ఇన్నేళ్ళు నిలబెట్టింది హోటలు కాదు, సన్నకారు రైతుల పెరళ్ళు.

ముందు ఎలా చేస్తారో చెప్పేస్తాను. బంగాళదుంపలు, క్యారెట్లు తొక్కతోనే ఉడకబెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద కోస్తే ముద్దయిపోతాయి. తొక్క తీసి బఠానీ గింజంత ముక్కలు కొయ్యాలి. ఉడికిన కోడిగుడ్లు, ఉప్పునీటిలో ఊరిన కీరదోస, కాస్త ఉల్లిపాయ కూడా అదే సైజులో కోసుకోవాలి. అందులో డబ్బా బఠానీ నీళ్ళు వంచేసి వెయ్యాలి. ఉడికించిన సాసేజి గానీ కోడిమాంసం గానీ కలుపుతారు. చివర్లో మయొనీజ్, అంటే గుడ్డుసొన, నూనె కలిపి చిలికిన తెల్లటి సాసు. పండక్కి ఒక బేసిన్ నిండా చేసుకుని రెండు మూడు రోజులు తింటారు.

ఇప్పుడు ఆ సామాన్ల జాబితా రైతు కంటితో ఇంకోసారి చూడండి. మాస్కోలో డిసెంబరంటే పొలమంతా మంచు. పచ్చి ఆకు దొరకదు. బంగాళదుంప, క్యారెట్టు నేలమాళిగలో దాచుకునేవి. కీరదోస ఎండాకాలంలో కాసినప్పుడు ఉప్పునీళ్ళలో సోయాకు, వెల్లుల్లి వేసి జాడీల్లో ఊరబెట్టుకున్నది. బఠానీ డబ్బాలోది. గుడ్డు పెరటి కోడిది. అంటే ఈ సలాడ్‌లో ఉన్నదంతా వేసవిలో పండించి చలికాలానికి దాచిపెట్టుకున్న సరుకే.

మొదట్లో ఇలా లేదు. లూసియెన్ ఒలివియే అనే ఫ్రెంచి పద్ధతి వంటవాడు, యాకోవ్ పెగోవ్ అనే వ్యాపారి కలిసి 1864లో మాస్కోలోని త్రూబ్నయా కూడలి దగ్గర ఎర్మితాజ్ అనే భోజనశాల తెరిచారు. సంగీతకారుడు చైకోవ్‌స్కీ 1877లో పెళ్ళి విందు ఇచ్చింది అక్కడే. ఒలివియే 1883లో చనిపోయాడు. తన సలాడ్ కొలతలు రాసిపెట్టి పోలేదు. 1890ల్లో ఇతరులు అచ్చువేసిన వంటకాల్లో చూస్తే అందులో రాబ్చిక్ అనే అడవిపిట్ట మాంసం, క్రేఫిష్ తోకలు, ఆలివ్ కాయలు కనిపిస్తాయి. వాటి మధ్యలో బంగాళదుంప, దోసకాయ.

ఆ భోజనశాల తెరిచిన ఏడాది గుర్తుపెట్టుకోండి. రష్యాలో రైతుల్ని భూస్వాముల వెట్టి నుంచి విడిపించిన చట్టం 1861లో వచ్చింది. కానీ భూమి ఊరికే ఇవ్వలేదు. భూస్వాములకి ప్రభుత్వం పరిహారం కట్టి, ఆ బాకీని రైతులు 49 ఏళ్ళ పాటు వాయిదాల్లో తీర్చాలని పెట్టింది. 1905 తిరుగుబాటు తర్వాత గానీ అది రద్దు కాలేదు. పల్లెలో రైతు వాయిదాలు కడుతున్న రోజుల్లోనే పట్నంలో దొరలు అడవిపిట్ట సలాడ్ తిన్నారన్నమాట.

ఇక బంగాళదుంప సంగతి. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. రష్యాలో రెండో కాథరిన్ రాణి కాలంలో, 1765లో, దీన్ని సాగు చెయ్యమని ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. రైతులు వెంటనే ఒప్పుకోలేదు. దుంప మొక్కకి పైన పచ్చటి కాయలు కాస్తాయి, అవి విషం. తెలియక వాటిని తిన్నవాళ్ళు జబ్బుపడ్డారు. 'సైతాను ఆపిల్' అని పేరు పెట్టేశారు. తర్వాత 1840 ప్రాంతంలో నికొలాయ్ చక్రవర్తి ప్రభుత్వం ఊరుమ్మడి భూముల్లో కొంత తప్పనిసరిగా బంగాళదుంపకి వదలాలని హుకుం జారీచేసింది. పెర్మ్, వ్యాత్కా లాంటి చోట్ల రైతులు తిరగబడ్డారు. సైన్యం దిగింది. చరిత్రలో వీటికి 'బంగాళదుంప తిరుగుబాట్లు' అనే పేరుంది.

ఈ కథ చెప్పి రైతులు మూర్ఖులు అని నవ్వేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. విత్తనం ఎలా దాచాలో, ఏ భాగం తినాలో చెప్పేవాడు లేడు. మంచి నేల లాక్కుంటున్నారు. మమ్మల్ని కూడా దొరల కింద వెట్టివాళ్ళని చేస్తారేమో అన్న భయం ఉంది. ఏ ఊళ్ళోనైనా తిరగబడతారు. అదే దుంపని తర్వాత తర్వాత వాళ్ళంతట వాళ్ళే వేసుకున్నారు. చలికి తట్టుకుంది, చిన్న ముక్క నేలలో బస్తాలు దిగింది, గోధుమ పోయిన ఏడు కడుపు నింపింది. చివరికి రష్యాలో దీన్ని 'రెండో రొట్టె' అనేదాకా వచ్చింది.

1917 విప్లవంతో ఎర్మితాజ్ మూతపడింది. 1921 కరువులో ఆకలిగొన్నవాళ్ళకి సాయం చెయ్యడానికి వచ్చిన అమెరికా సహాయ సంస్థ ఆ భవనంలోనే కొన్నాళ్ళు ఉంది. 1923 నుంచి అది 'రైతు భవనం' అయ్యింది. పల్లెల నుంచి పనిమీద మాస్కో వచ్చిన రైతులు దిగే చోటు. అడవిపిట్ట సలాడ్ వడ్డించిన హాలులోకి నారచెప్పులు, గొర్రెతోలు కోట్లు వచ్చాయి.

ఆ రోజులు ఎక్కువకాలం నిలవలేదు. 1929 చివర నుంచి భూములన్నీ కలిపి కోల్‌ఖోజ్‌లు, అంటే సమష్టి క్షేత్రాలు, చెయ్యడం మొదలైంది. కాస్త కలిగిన రైతుకి 'కులక్' అని ముద్రవేసి కుటుంబాలకి కుటుంబాల్ని దూరప్రాంతాలకి తోలేశారు. 1932-33లో ఉక్రెయిన్, కజఖ్‌స్తాన్, వోల్గా ప్రాంతాల్లో లక్షలాది మంది ఆకలితో చచ్చిపోయారు. ధాన్యం పండించినవాళ్ళే తిండి లేక పోయారు.

నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం 1935వ సంవత్సరం. ఆ ఫిబ్రవరిలో కోల్‌ఖోజ్‌లకి కొత్త నిబంధనావళి వచ్చింది. ప్రతి రైతు ఇంటికి పావు హెక్టారు నుంచి అర హెక్టారు దాకా సొంతంగా పెరడు ఉంచుకోవచ్చని, కొన్ని చోట్ల ఒక హెక్టారు దాకా కూడా, ఒక ఆవుని పెంచుకోవచ్చని రాశారు. మన లెక్కలో 62 సెంట్ల నుంచి ఎకరం పావు దాకా. ప్రభుత్వం దయ తలచి ఇచ్చిందనుకోకండి. ఆ పెరడు లేకపోతే పల్లె బతకదని తేలిపోయింది కాబట్టి ఇచ్చింది.

అదే ఏడాది డిసెంబరు 28న ప్రావ్దా పత్రికలో పావెల్ పోస్తిషెవ్ అనే పార్టీ నాయకుడు ఒక ఉత్తరం రాశాడు. మతం పేరు చెప్పి క్రిస్మస్ చెట్టుని తీసేశాం, పిల్లలకి కొత్త సంవత్సరం చెట్టు పెడదాం అని. వెంటనే దేశమంతా పెట్టారు. క్రిస్మస్ సంబరాలన్నీ జనవరి 1కి మారిపోయాయి. ఈ పోస్తిషెవ్ ఎవరంటే, 1933లో స్టాలిన్ ఉక్రెయిన్‌కి పంపినవాడు. జనం ఆకలితో చస్తుంటే కూడా ధాన్యం సేకరణ నడిపినవాళ్ళలో ఒకడు. తర్వాత ఆయన్నీ వదల్లేదు, 1939లో కాల్చేశారు.

అంటే రష్యావాళ్ళ పండగా, ఆ పండక్కి కావలసిన దుంప పండే పెరడూ రెండూ ఒకే సంవత్సరంలో ఖాయమయ్యాయి. పండగ సంగతి అందరికీ తెలుసు. పెరడు సంగతి ఎవరూ చెప్పరు.

అప్పుడు ఈ సలాడ్ కొత్త రూపం ఎత్తింది. అడవిపిట్ట పోయి కోడిమాంసం వచ్చింది, 'స్తొలీచ్నీ', అంటే రాజధాని సలాడ్, అనే పేరు వచ్చింది. ఇళ్ళల్లో కోడి బదులు సాసేజి. క్రేఫిష్ పోయింది. ఎర్రటి తునకలుగా క్యారెట్టు వచ్చి ఆ చోట కూర్చుంది. ఆలివ్ బదులు బఠానీ. మిగిలింది మొదట్నుంచీ ఉన్న బంగాళదుంప, దోసకాయ. 1948 నుంచి జనవరి 1 సెలవురోజు కూడా అయ్యింది.

ఆ పెరటి మీద కూడా ప్రభుత్వం కన్ను పడింది. యుద్ధం అయ్యాక పన్నులు పెంచారు. ఇంట్లో పాలు, మాంసం, గుడ్లు ఇంత అని ప్రభుత్వానికి ఇవ్వాలి. పండ్లచెట్లకి కూడా పన్ను పడితే కొందరు చెట్లే నరికేసుకున్నారు. 1953లో స్టాలిన్ పోయాక మాలెంకోవ్ వచ్చి ఆ పన్ను తగ్గించాడు. కోల్‌ఖోజ్ రైతుకి మిగతా పౌరుల్లాగా గుర్తింపు పాస్‌పోర్టు రావడం 1974 తర్వాతే. అన్నాళ్ళూ అనుమతి లేకుండా ఊరు వదిలి పోవడానికి లేదు.

అయినా పెరడు పండింది. మొత్తం సాగుభూమిలో ఈ పెరళ్ళ వాటా 3 శాతం చుట్టుపక్కల. దేశంలో పండిన బంగాళదుంపల్లో సగానికి పైగా వీటిల్లోంచే వచ్చింది. పట్నంలో ఉద్యోగాలు చేసేవాళ్ళకి కూడా 1949 తర్వాత ఊరి బయట తోట ముక్కలు ఇచ్చారు. మామూలుగా 600 చదరపు మీటర్లు. వాళ్ళ కొలత పేరు 'సోత్క', 100 చదరపు మీటర్లు. మన గుంట 101 చదరపు మీటర్లు. అంటే వాళ్ళు 'ఆరు సోత్కలు' అన్నది తెలంగాణ రైతుకి ఆరు గుంటలు, ఆంధ్రా రైతుకి 15 సెంట్లు. ఎంత దగ్గరో చూడండి.

మా వయసువాళ్ళం చిన్నప్పుడు 'సోవియట్ భూమి' పత్రిక చూసే పెరిగాం. ఆ నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకున్నాం. బొమ్మల్లో బారులు తీరిన ట్రాక్టర్లు, అంతులేని గోధుమ చేలు. ఆరు గుంటల బంగాళదుంప మడి బొమ్మ ఒక్కటి చూసినట్టు నాకు గుర్తులేదు.

ఇక్కడ ఒక న్యాయం మాట కూడా చెప్పాలి. పెరడు ఒంటరిగా పండలేదు. ఆవుకి మేత, దున్నడానికి గుర్రం, కొన్నిసార్లు ఎరువు కోల్‌ఖోజ్ నుంచే వచ్చేవి. గోధుమ, బార్లీ పెద్ద పొలాల్లోనే పండాయి. చిన్న కమతమే అన్నింటికీ మందు అని నేను అనడం లేదు. కానీ వంగి, చేత్తో కలుపు తీసి, ఒక్కో మొక్కకి మట్టి ఎగదోసి చేసే పంటలో సొంతవాడి శ్రద్ధ ఎంత పని చేస్తుందో ఆ లెక్కే చెబుతోంది.

అసలు పరీక్ష 1991 తర్వాత వచ్చింది. సోవియట్ దేశం విడిపోయింది. 1992లో ఒక్క ఏడాదిలోనే ధరలు సుమారు 26 రెట్లయ్యాయి. జీతాలు నెలల తరబడి రాలేదు. అప్పుడు జనం పలుగూ పారా పట్టుకుని ఆ ఆరు సోత్కలకే పోయారు. ఇంజనీరు, టీచరు అందరూ. 1990ల చివరికి రష్యాలో పండే బంగాళదుంపలో దాదాపు 90 శాతం ఇంటి పెరళ్ళదే. ఆ ఏళ్ళలో కూడా డిసెంబరు 31 రాత్రి బల్ల మీద ఒలివియే గిన్నె ఉంది. సాసేజి తగ్గినా దుంప తగ్గలేదు.

ఇప్పుడు అక్కడ పద్ధతి మారుతోంది. కుర్రాళ్ళు తోటలో దుంప బదులు గడ్డి పెంచుకుంటున్నారు, దుంప సూపర్‌మార్కెట్లో కొంటున్నారు. ప్రతి డిసెంబరులో పత్రికలు 'ఒలివియే సూచీ' అని ఒక లెక్క వేస్తాయి. ఒక గిన్నె సలాడ్‌కి ఈ ఏడు ఎంతైంది అని. 2024లో పంట దెబ్బతిని బంగాళదుంప ధర ఏడాదిలో దాదాపు రెట్టింపయ్యింది. పెరట్లో నాలుగు బస్తాలున్న ఇంటికి ఆ సూచీతో పని లేదు. లేని ఇంటికి అదే పండగ ఖర్చు.

మన దగ్గర్నుంచి కూడా ఆ వైపు ఒక దారి ఉంది. వేలెడంత ఉండే గెర్కిన్ దోసకాయ 1990ల మొదట్లో కర్ణాటకలో మొదలై మన రెండు రాష్ట్రాలకీ వచ్చింది. కంపెనీ విత్తనం ఇస్తుంది, ముందే రేటు ఒప్పందం, ఊరబెట్టి డబ్బాల్లో ఓడెక్కిస్తారు. కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో సుమారు 90 వేల మంది చిన్న, సన్నకారు రైతులు 65 వేల ఎకరాల్లో దీన్ని పండిస్తున్నారు. కొనే దేశాల్లో రష్యా కూడా ఉంది. మనిషికి సగటున ముప్పావు ఎకరం కూడా లేదు. రోజూ పొద్దున్నే కాయ ముదరకముందే కొయ్యాలి. ఇది కూడా పెరటి శ్రద్ధతో నడిచే పంటే.

రెండెకరాలవాడు గిట్టుబాటు కాడు, కమతాలన్నీ కలిపేస్తే గానీ వ్యవసాయం బాగుపడదు అని సభల్లో చెప్పేవాళ్ళని మనం వింటూనే ఉన్నాం. కలిపే ముందు ఇంటికి ఇన్ని సెంట్లు అని పెరడు వదులుతారా లేదా అని అడగండి. పరిమితి ఎంతో కాగితం మీద రాయించుకోండి. రష్యా రైతులు ఆ ఒక్క గీత గీయించుకోవడానికి చెల్లించిన ధర చిన్నది కాదు.

ఈ చలికాలంలో సలాడ్ చేసి చూడాలనుకుంటే మాంసం మానేసినా బాగుంటుంది. ఊరిన కీర దొరక్కపోతే కీరముక్కలకి ఉప్పు, నిమ్మరసం పట్టించి రాత్రంతా ఉంచండి. దుంప మాత్రం చల్లారాకే కొయ్యండి.