గర్వభంగ కథలు: సత్యభామయు సరోజయు

నాయిక గర్వమును నాయకుఁ డణఁచి, తుదకామెను దనకు నచ్చినట్లు తీర్చుకొనుట మన గేయనాటకములకును, పాటలతోఁ గూడిన చలనచిత్రములకును చిరపరిచితమైన వస్తువు. ప్రేక్షకులు దీనిని శృంగారముగను హాస్యముగను ఆదరించిరి. ఆ శృంగారమున వంచన పాలెంత యను విచారము చేయుట యవసరము. అందులకు రెండు కథలను సరిపోల్చి చూతము.

మొదటిది శ్రీకృష్ణ తులాభారము. ముత్తరాజు సుబ్బారావుగారి యీ నాటకమున సత్యభామ పాత్రను ధరించి స్థానం నరసింహారావుగారు ఆంధ్రదేశమున మిక్కిలి ఖ్యాతి గాంచిరి. 1966లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున నీ కథ చలనచిత్రమైనపుడు సత్యభామగా జమునగారు నటించిరి. కథలో నారదుని ప్రేరణమునందుఁ గపటము లేకపోలేదు. అయినను వ్రతము పూనినది సత్యయే. పతిని దాన మిచ్చినదియు సత్యయే. తన సొమ్ములన్నియుఁ జాలకపోవుటయు, రుక్మిణి యుంచిన తులసీదళమునకుఁ ద్రాసు తూఁగుటయు ఆమె కన్నులారఁ జూచినది. ఆ యోటమి కఠినమైనదే కాని, ఆమె యెఱుఁగని యోటమి కాదు.

రెండవది గుండమ్మ కథ. 1958 నాఁటి కన్నడ చిత్రము 'మనె తుంబిద హెణ్ణు' దీనికి మూలము. విజయా సంస్థవారు 1962లో వెలువరించిన యీ చిత్రమునకును కామేశ్వరరావుగారే దర్శకులు. గర్వభంగము పొందు సరోజ పాత్ర యిందును జమునగారిదే. పాటలు పింగళి నాగేంద్రరావుగారివి, సంగీతము ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది. ధనికుఁడైన వేంకటరామయ్య కుమారు లిరువురును మాఱువేషముననే గుండమ్మ బిడ్డలను బెండ్లాడుదురు. పెద్దవాఁడు అంజి యను పేర నౌకరుగాఁ జేరి, సవతితల్లి చేతఁ బాట్లు పడుచున్న లక్ష్మికిఁ దోడ్పడును. చిన్నవాఁడు రాజా సంపద లేనివానివలె నటించి, గారాబమునఁ బెరిగిన సరోజను దోఁటపనికి దించును. మాఱువేష మొక్కటియే; ఫలము వేఱు. అది వినయవతికి విడుదల యైనది, గర్వితకు శిక్ష యైనది.

ఇందొక విశేషము కలదు. ఈ చిత్రముననే అంజి రుబ్బురోలు త్రిప్పుచు స్త్రీలోకపు మేల్కొలుపును గూర్చి పాడును. ఆ పాటను మెచ్చిన ప్రేక్షకులే సరోజ కష్టమును జూచి నవ్విరి. మేల్కొన్న స్త్రీని బొగడిన కథ, తలయెత్తిన స్త్రీని వంచుటకు సందేహింపలేదు.

సరోజ పొగరుఁబోతు గదా, శ్రమవిలువ నేర్పుట తప్పా యని కొంద ఱడుగవచ్చును. నేర్పుట తప్పు కాదు. నేర్పిన తీరే విచార్యము. రాజా తలఁచినపుడెల్లఁ దన భవనమునకుఁ దిరిగి పోఁగలఁడు. సరోజ కా మార్గ మున్నదని తెలియదు. ఆమె పడిన దుఃఖము నిజము, అతఁడు పడినది నటన. పేదవాఁడని నమ్మియు భర్తతోఁ గాపురము చేసిన యిల్లాలి గుణము నింకను బరీక్షింపవలసిన పని యేమి? లక్ష్మి విషయమునను వివాహము అసత్యముతోనే మొదలైనది. మేలు కలిగినంత మాత్రమున నది సత్యము కాఁజాలదు.

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. పూలమ్ము బాలిక ఎలైజాకు భాషాశాస్త్రజ్ఞుఁడు హిగ్గిన్స్ నాగరకభాష నేర్పి వేఱొక స్త్రీగాఁ దీర్చు కథను బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' అను నాటకముగా రచించెను. అది 1913లో వియన్నాలోఁ బ్రదర్శితమయ్యెను. ఎలైజా గురువును గాక ఫ్రెడ్డీని వివాహమాడు నని 1916 నాఁటి యనుబంధమున షా స్పష్టపఱచెను. అయినను 1956లో న్యూయార్కు రంగస్థలమునను, 1964లో వెండితెరపైనను వెలసిన 'మై ఫెయిర్ లేడీ' యను గేయరూపమున నామె హిగ్గిన్స్ యింటికే తిరిగి వచ్చును. అతఁడు క్షమాపణ కోరక తన పాదరక్ష లెక్కడ నని యడుగును. పాటల మాధుర్యము ముగింపులోని యన్యాయమును గప్పివేసినది.

కావున నిట్టి కథలను దరగతులఁ జెప్పు పండితులు నాయిక మాఱినదా యను ప్రశ్నతో నిలువరాదు. తన్ను మార్చుచున్నా రని యామె యెఱుఁగునా, కాదనుటకు వీలున్నదా, మార్చినవాఁడును గొంత మాఱెనా యను మూఁడు ప్రశ్నలను విద్యార్థుల ముందుంచవలెను. మాఱువేషము దాల్చి గెలిచిన హృదయము, వేషము తొలఁగిన పిదప మరల సమ్మతి తెలుపవలసి యున్నది. గుండమ్మ కథలో సరోజ నా మాట యెవ్వరును అడుగలేదు.