సభ్యులమే కానీ, సభ ఏదీ?

డాలస్‌లో ఉంటున్న మా చెల్లి ఫోన్ చేస్తే అందులో కాస్ట్‌కో కబురు ఒకటి ఉండి తీరుతుంది. అక్కడి ఉప్పు లేని వెన్న తెచ్చి నెయ్యి కాచాననో, బాస్మతి బస్తా దింపుకోలేక నడుం పట్టేసిందనో చెబుతుంది. మొన్న మాటల్లో, "కార్డు రెన్యువల్ చేయించానక్కా, ఏడాదికి 65 డాలర్లు" అంది. పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ వెంటనే, "కొట్టులోకి వెళ్లడానికి కూడా డబ్బు కట్టాలిటే?" అంది.

అమ్మ అంత ఆశ్చర్యపోయింది కానీ, కార్డుంటేనే సరుకు ఇచ్చే కొట్లు మనకేం కొత్త కాదు. వాటి వెనక పెద్ద కథే ఉంది.

అది ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ అనే నేతపనివాళ్ల ఊళ్లో మొదలైంది. చాలీచాలని కూలి, కల్తీ పిండి, అప్పుపెట్టి బిగించే కొట్లు. విసిగిపోయిన కొందరు తలా ఒక పౌను వాటా పోగుచేసి, 1844 డిసెంబరు 21న సొంతంగా కొట్టు తెరిచారు. అందులో ఉన్నవి వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు, అంతే. వాళ్లు పెట్టుకున్న నియమాలు మాత్రం లోకమంతా పాకాయి. తూకం సరిగ్గా ఉండాలి, అప్పు ఇవ్వకూడదు. ఏడాది చివర మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత కొన్నారో ఆ లెక్కన పంచాలి. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. ఆడవాళ్లకూ సభ్యత్వం ఇచ్చారు. ఆ దేశంలో పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు వచ్చింది 1918లో. అంతకు డెబ్భై ఏళ్ల ముందే కిరాణా కొట్టు లెక్కల మీద ఓటు వచ్చిందన్నమాట!

మన దగ్గరికి ఆ పద్ధతి మద్రాసు మీదుగా వచ్చింది. విశాఖ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే. 1904లో ట్రిప్లికేన్‌లో కొందరు ఉద్యోగస్తులు కలిసి సహకార స్టోరు పెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత, 1962 చైనా యుద్ధంతో ధరలు మండినప్పుడు, పట్టణాల్లో వినియోగదారుల సహకార స్టోర్లు పెట్టే పథకాన్ని కేంద్రం చేపట్టింది. 1966లో రూపాయి విలువ తగ్గించిన కొన్ని వారాలకే, జులైలో, ఢిల్లీలో సూపర్ బజార్ తెరిచారు. తర్వాత ఆ పేరు మన ఊళ్లలోనూ కనిపించింది.

విశాఖ నెల జీతాల ఊరు. 1933లో పోర్టు, తర్వాత షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. ఉద్యోగుల స్టోర్లకు ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? వాటా కట్టి సభ్యులవడం, నెల వెచ్చాలు తెచ్చుకోవడం, ఆ బాకీ జీతంలో కోయించుకోవడం అమ్మ తరం ఇల్లాళ్లకు అలవాటైన పనే.

ఇంకో కార్డు కూడా ఈ ఊరికి బాగా తెలుసు. అది మిలటరీ క్యాంటీన్ కార్డు. సైనికుల కోసం క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ 1948లో ఏర్పడింది. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే కాబట్టి, మనకు తెలిసినవాళ్లలో ఒక్కరైనా నేవీవాళ్లు ఉంటారు. "వదినగారూ, మీ కార్డు మీద ఓ కుక్కరు..." అని నసిగిన నోళ్లెన్నో! ఆ కార్డు డబ్బిచ్చి కొనుక్కునేది కాదు, దేశానికి చేసిన సేవకు దక్కేది. వాళ్లకు పన్నులో వచ్చే రాయితీ భారం మనందరిదీ. అందుకే ఆ సరుకు బయటివాళ్లకు అమ్మకూడదంటారు.

ఇక మా చెల్లి కార్డు. సోల్ ప్రైస్ అనే ఆయన 1976లో అమెరికాలోని శాన్ డియాగోలో, పాత విమానాల షెడ్డులో ప్రైస్ క్లబ్ తెరిచాడు. మొదట చిన్న వ్యాపారులకే సభ్యత్వం. రుసుం ఏడాదికి 25 డాలర్లు. వ్యాపారం ఆశించినంత సాగకపోయేసరికి ప్రభుత్వోద్యోగులకూ తలుపు తెరిచాడు. అక్కడినుంచి దశ తిరిగింది. 1983లో సియాటిల్‌లో పుట్టిన కాస్ట్‌కో, పదేళ్లకు దానితో కలిసిపోయింది.

దాని కిటుకు తెలిస్తే అమ్మ ఆశ్చర్యం తీరుతుంది. మామూలు సూపర్ మార్కెట్లో వేలకు వేల రకాలుంటే, కాస్ట్‌కోలో ఉండేవి దాదాపు నాలుగు వేలే. ఒక్కో రకం కుప్పతెప్పలుగా కొంటారు కాబట్టి చవకగా దొరుకుతుంది. సరుకును వచ్చిన చెక్కపలకల మీదే నిలబెడతారు. సర్దే కూలీ కలిసొస్తుంది. కొన్న ధర మీద వేసుకునేది మహా అయితే నూటికి పద్నాలుగు, పదిహేను. సరుకు మీద పెద్దగా మిగలదు. కంపెనీ లాభంలో సగానికి పైగా సభ్యత్వ రుసుమే.

అలాంటి పెద్ద గోదాము కొట్లు మన దేశానికీ వచ్చాయి. 2003లో మెట్రో బెంగళూరులో, 2009లో వాల్‌మార్ట్ భాగస్వామ్యంతో బెస్ట్ ప్రైస్ అమృత్‌సర్‌లో మొదలయ్యాయి. తర్వాత విశాఖకూ చేరాయి. కానీ అవి వచ్చింది టోకు వ్యాపారానికి. అందుకని అక్కడ కార్డు కిరాణా కొట్టువాళ్లకు, హోటళ్లవాళ్లకు ఇచ్చేవారు. మనలాంటి ఇల్లాళ్లకు ఇచ్చేవారు కాదు. మా వీధి కొట్టు బాబాయి అలాంటి చోటే సరుకు తెస్తాడు. మనం ఆయన దగ్గర పావుకిలో కొంటాం, ఆ పావుకిలోను అప్పు కూడా పెడతాం!

తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఇదంతా చూస్తుంటే నా మనసు ఒక మాట దగ్గర ఆగింది. సభ్యుడంటే సభలో కూర్చునే హక్కున్నవాడు. రోచ్‌డేల్‌లో ఆ సభ ఉంది. మా చెల్లి ఏటా డబ్బు కట్టి సభ్యురాలైంది. నచ్చకపోతే రుసుం వెనక్కి ఇస్తారట, అది మంచిదే. కానీ ఆ కొట్టు లెక్క అడిగే ఓటు ఆ కార్డుతో రాదు.

మరి ఓటున్న చోట మనమేం చేశాం? మా నాన్నగారు సభ్యులైన స్టోరు నుంచి ఏటా సర్వసభ్య సమావేశానికి నోటీసు వచ్చేది. ఆయన వెళ్లి సంతకం పెట్టి, వాళ్లిచ్చిన స్టీలు డబ్బా చంకన పెట్టుకుని, లెక్కలు చదవకముందే వచ్చేసేవారు. ఇంట్లో మేమూ డబ్బా బాగుందన్నామే గానీ, "ఈ ఏడు లాభమెంత? కందిపప్పు ఎందుకు రాలేదు?" అని అడగలేదు. ఆ స్టోరు కొన్నాళ్లకు మూతపడింది. మూసింది పెద్ద మాల్ కాదు. అడిగేవాళ్లు లేకపోవడమే.

ఆ డబ్బాలో మినప్పప్పు ఇప్పటికీ పోస్తున్నాను. మీ ఇంట్లో ఏదైనా సహకార స్టోరు పాసుపుస్తకం ఇంకా చెల్లుతూ ఉంటే, ఈసారి నోటీసు మగవాళ్ల చేతికివ్వకండి. వాటా మన పేరున లేకపోతే మార్పించుకుందాం. వెళ్లి, లెక్కలు చదివేదాకా కూర్చుందాం.