అవ్వ అడిగిన జరం

వనపర్తి జిల్లాలో ఓ పల్లె, బుధవారం పొద్దున పదిగంటలు. ఉపకేంద్రం ముందు పల్లికాయ ఆరబోశారు, పక్కనుంచి సర్దుకుని నడవండి. లోపల బల్ల మీద టీకాల డబ్బా. అందులోని నాలుగు ఐస్‌ప్యాక్‌లనూ చెవి దగ్గర ఊపి, నీళ్ల చప్పుడు వినబడ్డాకే సర్దారు. మరీ గడ్డకట్టిన ఐసు తగిలితే పెంటావాలెంట్ మందు చెడిపోతుంది.

నెలన్నర పాప ఎడమ తొడలో సూది దిగింది. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆపైన కేక.

"అరగంట ఈడనే కూసోండ్రి. రాత్రికి జరమొస్తదేమో, గాబరపడకుండ్రి."

"మంచిగున్న పిల్లకు జరమెందుకు తెప్పిస్తరు బిడ్డా?" అంది అవ్వ.

నర్సమ్మ నవ్వి ఊరుకుంది. మీరు ఆ తొడలోకి దిగండి.

సూదితో దిగిన ఆ అర మిల్లీలీటరు మందులో చంపిన కోరింతదగ్గు క్రిములున్నాయి. డెండ్రైటిక్ కణాలు వాటిని పసిగట్టి, ముక్కలు మోసుకుని గజ్జల్లోని లింఫు గ్రంథికి చేరతాయి. అక్కడ దాడికి దిగే టి-కణాల మధ్యే, వాటి పగ్గం పట్టే నియంత్రణ టి-కణాలూ తిరుగుతుంటాయి. 1995లో వీటి ఆనవాలు పట్టిన షిమోన్ సకాగుచికి, 2001లో ఈ కణాలకు కీలకమైన ఫాక్స్‌పి3 జన్యువును గుర్తించిన మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ వచ్చింది. ఆ జన్యువు చెడి పుట్టిన మగపిల్లల్లో రోగనిరోధక కణాలు సొంత పేగుల మీదికే దూకుతాయి. కాబట్టి పగ్గం తెంచకూడదు. కొన్నాళ్లు వదులు చేయాలి, అంతే.

వదులు చేసేదెవరు? 2003లో యేల్‌లో చంద్రశేఖర్ పసారే, రుస్లాన్ మెద్జితోవ్ ఎలుకల్లో చూపించారు: క్రిమి జాడ తగిలిన డెండ్రైటిక్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వదులుతాయి. అది తోడైతే దాడి కణాలు పగ్గాన్ని లెక్కచేయవు. ఆ ఇంటర్‌ల్యూకిన్-6కే ఒళ్లు కాగబెట్టే గుణమూ ఉంది. అవ్వ అడిగిన జరంలో దాని చేయి ఉంది. (జరం రాకుంటే టీకా పనిచేయలేదని మాత్రం కాదు.)

దాడి కణాలు చెలరేగేకొద్దీ ఇంటర్‌ల్యూకిన్-2 చిమ్ముతాయి. దాన్ని అందరికంటే ముందు పీల్చుకునేవి నియంత్రణ కణాలే. తాగి పెరుగుతాయి, మళ్లీ పగ్గం బిగిస్తాయి.

రాత్రి పదకొండు. పాప ఒళ్లు వెచ్చబడింది. తల్లి చుక్కల మందు పోసి పాలకు వేసుకుంది. అవ్వ నిద్రపోలేదు, గంటకోసారి నుదురు తడుముతూనే ఉంది. తెల్లవారుజామున చేతికి చెమట తగిలింది. తొడ మీద శనగగింజంత గడ్డ మిగిలింది. అవ్వ దాన్ని రుద్దబోయి, నర్సమ్మ వద్దన్నది గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.