గుగ్గిలపు విత్తు

మన యుత్తరపు జిల్లాల చరిత్ర వ్రాసినవారు 1757 నాటి బొబ్బిలి యుద్ధమును మరువలేదు. 1794 నాటి పద్మనాభ యుద్ధమును మరువలేదు. జమీందారుల వంశావళులను, పేష్కషు లెక్కలను విడువలేదు. ఆ కోటల వెనుక నిలిచిన కొండలమీది యడవికిని ఒక చరిత్ర కలదని తలచినవారు మాత్రము మిక్కిలి తక్కువ. తలచినవారును దానిని కలప లెక్కగానే వ్రాసిరి. ఎన్ని దుంగలు దిగినవి, ఎంత సొమ్ము ముట్టినది అను ప్రశ్నలే ముందు నిలిచినవి. ఆ దుంగలు దిగిన పిమ్మట మిగిలిన చెట్లు ఎట్టి విత్తులను రాల్చినవి, వానిలో మొలకెత్తినవెన్ని అని యడుగుట అరుదు. కళ్లమునందు మేలైన వడ్లను ముందుగా ఏరి విత్తనమునకు దాచి, పిమ్మట మిగిలినదానిని తినుటకును అమ్ముటకును తీసిన రైతుల బిడ్డలము మనము. అట్టివారము అడవి విషయమున సరిగా తలక్రిందులుగా నడచితిమి. మేలైనదానిని అమ్ముకొని తాలును విత్తనమునకు విడిచితిమి. ఈ సంగతిని ఒక్క చెట్టు చరిత్రను పట్టుకొని చూపదలచినాము.

ఆ చెట్టు గుగ్గిలము. సంస్కృతమున దీనికే సాలవృక్షమని పేరు. బుద్ధ భగవానుడు కుశీనగరమున రెండు సాలవృక్షముల నడుమ పరినిర్వాణము నొందెనని బౌద్ధులు చెప్పుదురు. దీని బంకయే ధూపమునకు వాడెడి గుగ్గిలము. (వైద్యులు వాడు గుగ్గులు వేరొక చెట్టుది, అంగడివాని మాట నమ్మి రెంటిని ఒకటిగా నెంచరాదు.) హిమాలయ పాదము మొదలుకొని ఛోటానాగపురము, బస్తరు, ఒరిస్సాల మీదుగా దిగివచ్చిన యీ వృక్షజాతి మన తూర్పు కొండలలో ఆగిపోవును. పాలకొండ, సీతంపేట, పార్వతీపురము చుట్టుపట్ల కొండలును, వానికి ఆవల విశాఖ మన్యములో కొంత మేరయు దాని దక్షిణపు పొలిమేర. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి విడివడి 2022 ఏప్రిలు 4వ తేదీన పార్వతీపురం మన్యము జిల్లా యేర్పడగా ఈ కొండలలో చాలభాగము దానిలో చేరినది. పొలిమేర యనుటలో విశేషమున్నది. తన జాతికి అనువైన నడిదేశమున నున్న చెట్టు ఒకయేటి వాన తప్పినను సైచుకొనును; పొలిమేర మీది చెట్టునకు ఆ సైరణ తక్కువ.

ఈ విత్తు స్వభావమును ఇల్లాండ్రకు చెప్పుట సులభము. ఆనప గింజలను, బీర గింజలను బూడిద యద్ది యెండబెట్టి మరుసటి యేటి వరకు దాచుదురు గదా. పనస పిక్కను అట్లే యెండబెట్టి నాటి చూడుడు. అది మొలవదు, తడి యారుటయే దానికి చావు. 1973లో రాబర్ట్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లోకములోని విత్తులను ఈ రెండు తెగలుగా విభజించి పేళ్లు పెట్టెను గాని, పెరటిలో పనస నాటిన అవ్వలకు ఈ భేదము అంతకుముందే తెలియును. గుగ్గిలపు విత్తు పనస తెగలోనిది. రాలునాటికి దాని బరువులో మూడవవంతునకు మించి నీరే యుండును. ఆ నీరు ఇగిరినకొలది ప్రాణమును ఇగిరిపోవును. దానికున్న యాయువు వారము దినములు. మంచి నీడయు, చెమ్మయు గల చోట పది దినములు. గాదె యెట్టిదైనను, కుండ యెట్టిదైనను ఆ గడువును ఎక్కువగా పొడిగింపజాలవు.

ఇంత కొద్ది యాయువుతో ఈ జాతి యుగములుగా ఎట్లు నిలిచెను? కాలముతో దానికున్న పొత్తువలననే. చెట్టు మార్చి, ఏప్రిలు నెలలలో పూయును. కాయ మే నెలాఖరునుండి జూను నెలలో పండును. కాయకు ఐదు రెక్కలుండును; వేసవి చివరి గాలులకు గిరగిర తిరుగుచు తల్లిచెట్టునకు కొంత యెడముగా వ్రాలును. మన జిల్లాలకు నైరుతి వాన వచ్చునదియు సాధారణముగా జూను రెండవ వారముననే. కాయ రాలుటయు, నేల తడియుటయు ఒకే పక్షమున జరుగవలెను. వాన ముందుగా పడిన యెడల కొన్ని విత్తులు చెట్టుమీదనే మొలకెత్తి చెడును. పది దినములు వెనుకబడిన యెడల రాలినవి రాలినచోటనే మాడిపోవును. ప్రతి యేడును కాపు నిండుగా రాదు. మూడేండ్లకో ఐదేండ్లకో ఒకసారి విరగగాయును. కొరత కాపు నాడు పురుగు తిన్నంత తినగా మిగులునది స్వల్పము. ముందుగా రాలునవి పెక్కులు పుచ్చులే. మంచి కాపును, వేళకు వచ్చిన వానయు కలిసివచ్చిన సంవత్సరములు ఒక మనుష్యుని జీవితములో వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే యుండును. అట్టి యేట మొలచిన మొక్కయైనను వెంటనే చెట్టగునని తలపరాదు. వేసవిలో పైకొమ్మ చచ్చుచు, వానలకు వేరునుండి మరల చిగిర్చుచు, వేరు బలియువరకు ఏండ్లకొలది అట్లే పెనుగులాడును. అడవి యొక్క వయస్సు నెరుగువారు ఇంత యోర్పుతో లెక్క వేయవలెను.

ఈ యోర్పు రైలునకు లేదు. 1890వ దశకమున తూర్పుతీరపు రైలుదారి మన జిల్లాల గుండ సాగెను. 1900లో పర్లాకిమిడి మహారాజుగారు నౌపడానుండి పర్లాకిమిడి వరకు చిన్న పట్టాల రైలును వేయించిరి. 1931లో అది గుణుపురము చేరెను. విజయనగరము, పార్వతీపురముల మీదుగా రాయపురమునకు పోవు పెద్దదారియు ఆ 1931 నాటికే పూర్తియైనది. 1933లో విశాఖ రేవు తెరువబడెను. ఈ దారులు ప్రజలకు చేసిన మేలు సామాన్యము కాదు. కరవు వచ్చినప్పుడు ధాన్యము చేరుటకు మార్గము లేక 1866లో గంజాము జిల్లాలో జనులు పడిన బాధను తలచినవారెవ్వరును రైలును నిందింపజాలరు. అయితే మైలు దారికి పట్టాల క్రింద రమారమి రెండువేల చెక్కలు కావలెను. మందు పట్టింపకయే ఎండకు, వానకు, చెదకు ఓర్చుకొను దేశీయపు కలపలలో టేకు, దేవదారు, గుగ్గిలము ముఖ్యములు. టేకు ప్రియము, దేవదారు హిమాలయములందున్నది, కావున ఈ ప్రాంతమున భారమంతయు గుగ్గిలముమీద పడెను. నాటి గంజాము జిల్లాలోని గుమసరు సాలవనములు ప్రసిద్ధములు. ఆ చెక్కలును శాశ్వతములు కావు. కొన్నేండ్లకు పుచ్చగానే క్రొత్తవి కావలసినవి. దారి వేయుట ఒకసారి, అడవిని అడుగుట మాటిమాటికి.

చట్టము లేకపోలేదు. మద్రాసు అటవీ చట్టము 1882లో పుట్టినది. అటవీ పాలనపై బ్రాండిసు దొర మద్రాసు రాజధానికై వ్రాసిన సూచనలు 1883లో వెలువడినవి. కాని 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయముతో ఈ ప్రాంతపు కొండలలో చాలభాగము జమీందారుల యధీనమున నుండెను. ప్రభుత్వపు రిజర్వు గట్టు ఒకచోట ముగియగా, అవతలివైపు కాంట్రాక్టరు గొడ్డలికి అడ్డులేకపోయెను. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చెను. భూమి చేజారునని తెలిసినవాడు చెట్టును నిలుపునా? ఆ నరకుట నాపుటకే 1949లో ప్రైవేటు అడవుల రక్షణ చట్టమును చేయవలసివచ్చెను. మేము జమీందారీల రద్దును కోరినవారి పక్షమువారమే. అయినను ఒక మంచి సంస్కరణము అమలునకు వచ్చులోపల దాని నీడలో ఎంత నష్టము జరుగగలదో చూచుట సంస్కర్తలకు విధి.

నరికిన చెట్ల సంఖ్యకంటె, ఏ చెట్లు నరికిరి అనునది ముఖ్యము. పట్టాల చెక్కకు నిటారైన, తొర్ర లేని, లావైన మాను కావలెను. వంకర మాను, తొర్ర మాను, పురుగు పట్టిన మాను నిలిచిపోయెను. అరువదేండ్లు, ఎనుబదేండ్లు ఇట్టి యేరివేత సాగిన కొండపై విత్తు రాల్చునవి ఆ మిగిలినవే. వంకర యంతయు వంశమువలననే రాదు. అగ్గివలనను, నేలవలనను కొంత వచ్చును. కొంత మాత్రము వంశమువలననే వచ్చును. ఇంకొక కీడు ఇంతకంటె కంటికి కనబడనిది. గుగ్గిలపు పువ్వునకు వేరొక చెట్టు పుప్పొడి అందినపుడే మేలైన విత్తు కట్టును. ఆ పుప్పొడిని మోయునవి మిక్కిలి చిన్న పురుగులు. దట్టమైన వనమున అవి ఈ చెట్టునుండి ఆ చెట్టునకు సులభముగా పోవును. చెట్టునకు చెట్టునకు నడుమ దున్నిన చేనుండిన యెడల పోలేవు. అప్పుడు ఒంటరి చెట్టు తన పుప్పొడితోనే తాను కాయును. కాయ కాచినట్లే యుండును గాని గింజలు తాలుపోవును, మొలకలు నీరసించును. మేనరికములవలన కలుగు కీడును గూర్చి మన పత్రికలలో ఎంతయో చర్చ జరిగినది. ఆ చర్చ అడవికిని వర్తించును.

అయిన నేటికిని పాలకొండ కొండలు పచ్చగానే యున్నవి గదా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. గుగ్గిలము నరికిన మోటినుండి మరల చిగిర్చును. ఒక మోటినుండి నాలుగు కొమ్మలు లేచి పదేండ్లలో కొండ మరల పచ్చబడును. దూరమునుండి చూచువారికి అది అడవియే. కాని ఆ కొమ్మలు క్రొత్త చెట్లు కావు. నరకబడిన ముదుసలి చెట్టే నాలుగు కఱ్ఱలపై నిలిచియున్నది. ఆ కొమ్మలును బలిసి నిండుగా కాయకముందే వంటచెరకునకు మరల నరకబడును. ఎకరమునకు కొన్ని విత్తనపు మానులను విడువవలెనని అటవీశాస్త్రము నియమించినది. అయితే విడువదగినంత మేలైన మాను మిగిలిన తావులెన్ని?

ఈ దోషమునంతను పోడు వ్యవసాయమునకు కట్టబెట్టుట మన పట్టణవాసుల కలవాటు. అది న్యాయము కాదు. సవరలును, జాతాపులును పోడు కొట్టునపుడు చింత, పనస, విప్ప, మామిడి చెట్లను విడుచుట యందరు నెరిగినదే. ఏ చెట్టు కాపునకు పనికివచ్చునో వారు చూచుకొందురు. పూర్వము ఒక చెలకను చాలయేండ్లు బీడు విడిచెడివారు. రిజర్వు గట్లు నలుదెసల బిగిసి, జనము పెరుగగా ఆ గడువు కురుచబడెను. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చి, 1931లో దాని బోధిని ప్రకటించిరి. ఆ శ్రద్ధలో నాలుగవవంతైనను సవరల వృక్షజ్ఞానమునందు మన విద్యావంతులు చూపియుండలేదు.

ఇప్పుడు కాలము సంగతి. పైకప్పు వంటి కొమ్మలు పోయిన నేల జూను ఎండకు పెనమువలె కాగును. గొడుగు క్రింద పది దినములు బ్రతుకు విత్తు ఆ నేలపై రెండు మూడు దినములైన నిలుచుట కష్టము. వానల గడువు తప్పుటతో ఈ బాధ రెట్టింపగును. 2009 జూనులో దేశమంతటను కలిపి వాన సగమునకు దగ్గరగా లోటుపడెను. 2023 జూనులో వడగాడ్పులు మూడవ వారము వరకు మన తీరమును విడువక, బడిపిల్లలకు ఒంటిపూట బడులను పొడిగింపవలసివచ్చెను. బడిపిల్లవానికి నీడ దొరకినది. పూర్వమును వానలు తప్పిన యేండ్లుండెను. అప్పుడు విరివిగా తల్లిచెట్లును, దట్టమైన నీడయు నుండుటచే ఒక యేటి నష్టము మరియొక యేట తీరెడిది. కాలపు చాపల్యమును ఓర్చుకొను బలమునే మనము నరికితిమి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఈ తీరముపై విరుచుకుపడి మానులను కూల్చినవి. కూలిన మానుతో దాని రాబోవు కాపులన్నియు పోవును.

1950లో మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించిరి. అది జూలై మొదటి వారమున జరుగును. ఉద్దేశము మంచిది, పాఠశాలల బాలబాలికలు మొక్కలు నాటుట మాకును కనులపండువే. అయితే జూలై వచ్చునాటికి గుగ్గిలపు విత్తు చచ్చిపోయి యుండును. పెంపకపు తోటలలో ఎండిన సంచులలో నిలువయుండగల విత్తులకే సుళువు. కాబట్టి పండుగనాడు పిల్లల చేతికి వచ్చునవి సరుగుడు, నీలగిరి, టేకు వంటివి. ఎవ్వరును గుగ్గిలమును వలదనలేదు. గోదాములో నిలువయుండదు గనుక అది లెక్కలోనికి రాలేదు. సీతంపేట కొండలలో జీడిమామిడి తోటలు గిరిజనులకు కూడు పెట్టుచున్నవి, వానిని మేము తప్పుపట్టము. కాని తోట వేరు, అడవి వేరు.

గుగ్గిలపు గింజ నూనెకును పనికివచ్చును. చాకొలెట్టులలోని క్రొవ్వునకు బదులుగా దానిని వాడుదురు. కేంద్రప్రభుత్వము 2013–14లో కనీస ధర కట్టిన అటవీ వస్తువులలో ఇదియు నొకటి. నూనె గానుగకు గింజ బ్రతికినదైనను, చచ్చినదైనను ఒకటే. నాటుటకు పనికివచ్చు గింజకు వేరుగా, ఎక్కువగా ధర కట్టవలెను. దానిని సంచులలో మైదానమునకు దింపక, ఏరిన వారముననే, ఏరిన స్త్రీల చేతనే, ఆ కొండమీదనే, నీడ మిగిలిన తావులలో కూలియిచ్చి నాటింపవలెను. నిండు కాపు వచ్చు యేటిని మే నెలలోనే కొమ్మలవంక చూచి చెప్పగలవారు ఆ గూడెములలో నున్నారు. కచేరి ఉత్తరువు ఆ నెలలోనే కొండ యెక్కవలెను. జూలైలో ఎక్కిన యెడల నాటుటకు గింజ యుండదు.