కట్టుడు పళ్లు – వాని మన్నిక

పళ్లూడిన వృద్ధులకు అన్నము మెత్తగా వండి పెట్టుట మన ఇండ్లలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. అయినను నమలలేకపోవుట ఒక్కటియే వారి బాధ కాదు. మాట స్పష్టత తగ్గును. నలుగురిలో నోరు విప్పుటకు సంకోచము కలుగును. ఈ లోటును తీర్చుటకే కట్టుడు పళ్లు పుట్టినవి. అవి ఏ వస్తువుతో చేయబడినవి, అది ఎంతకాలము మన్నినది, సామాన్యునకు ఎట్లు అందినది అను విషయములు తెలిసికొనదగినవి.

అమెరికా ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టను 1789లో పదవి స్వీకరించునాటికి ఆయన నోట సహజ దంతము ఒక్కటి మాత్రమే మిగిలియుండెను. జాన్ గ్రీన్‌వుడ్ అను దంతవైద్యుడు నీటిగుఱ్ఱపు కోరను చెక్కి, దానిలో మనుష్యుల పళ్లను బిగించి ఆయనకు అమర్చెను. అవి కొయ్యపళ్లను ప్రచారము నిజము కాదు. కోర జంతు పదార్థము గనుక లాలాజలములో నాని, క్రమముగా చెడి దుర్వాసన కొట్టెడిది. 1815లో వాటర్లూ యుద్ధమున మరణించిన సైనికుల పళ్లను సైతము ఊడబెఱికి విక్రయించిరి. ధనవంతుల నోటికి యువకుల శవములు పళ్లు సమకూర్చిన కాలమది.

1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాచు పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందెను. గంధకము పాలు హెచ్చించినచో రబ్బరు గట్టి పలక వలె నగును. వల్కనైట్ అనబడు ఈ పదార్థము చవక. నోటి తడికి కుళ్లదు. అచ్చులో పోసినట్లు చిగుళ్ల ఆకారమునకు ఒదుగును. ఆ దశకముననే మత్తుమందులు వచ్చి, నొప్పి లేకుండ పళ్లు తీయుట సాధ్యమగుటచే కట్టుడు పళ్ల అవసరమును పెరిగెను.

కాని వస్తువు చవకయైనను హక్కు చవక కాలేదు. 1864లో పొందబడిన వేఱొక పేటెంటును గుడ్‌ఇయర్ డెంటల్ వల్కనైట్ కంపెనీ చేజిక్కించుకొని, అనుమతి రుసుము చెల్లింపని దంతవైద్యులపై వ్యాజ్యములు వేసెను. 1876లో ఆ దేశపు సుప్రీంకోర్టు కంపెనీ హక్కును సమర్థించెను. 1879లో కంపెనీ కోశాధికారి జోసయా బేకన్‌ను, వ్యాజ్యములచే వేధింపబడిన శామ్యూల్ చాల్ఫెంట్ అను దంతవైద్యుడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున కాల్చి చంపి శిక్ష ననుభవించెను. 1881లో పేటెంటు గడువు తీరిన పిమ్మటనే వల్కనైట్ అందఱి సొత్తయినది. వస్తువు మన్నిక ఎంత ముఖ్యమో, అది పేదవానికి అందుబాటులో నుండుటయు అంత ముఖ్యమని ఈ విషాద గాథ చాటుచున్నది.

వల్కనైట్ గట్టిదే కాని దాని రంగు చిగుళ్ల రంగును పోలదు. 1870 ప్రాంతమున వచ్చిన సెల్యులాయిడ్ అందముగా నున్నను, కర్పూరపు వాసన కొట్టుచు, మరకలు పడి వంకరపోయెడిది. ఈ లోపములను చాల వఱకు తీర్చినది యాక్రిలిక్ రెసిన్. జర్మనీలో ఓటో రోమ్ మున్నగువారి కృషి ఫలితముగా 1930 దశకమున ఇది వెలువడెను. 1937 నాటికి దంతవైద్యులు దీనిని నోట పరీక్షించి మెచ్చిరి. పొడిని, ద్రవమును కలిపిన ముద్దను ప్లాస్టరు అచ్చులో కూరి వేడి చేసినచో గట్టిపడును. చిగుళ్ల గులాబి రంగు వచ్చును. విఱిగినచో మరల అతుకవచ్చును. నేటికిని తీసిపెట్టుకొను పళ్లలో దీనిదే అగ్రస్థానము.

అయినను ఇది వజ్రము కాదు. ఇనుప తీగను పదే పదే వంచినచో తెగునట్లు, నమలునప్పుడెల్ల కొంచెము కొంచెముగా వంగుటచే పై దవడ పలక సాధారణముగా నడుమనే చీలును. పళ్లు పోయిన దవడయెముక ఏటేట అరుగును. పలక వదులై ఊగును. ఊగిన పలక త్వరగా విఱుగును. కావున పలక చెడకున్నను దవడ మారుటచే కొన్ని సంవత్సరములకు దానిని సరిచేయింపక తప్పదు. ఇటీవల నార కలిపిన రెసినులు, లోహపు పలకలు, యంత్రముచే చెక్కబడు పలకలు వచ్చినను ఈ సత్యము మారలేదు.

మన్నికలో సగము వస్తువుది, సగము వాడువానిది. మరుగునీరు పోసినచో పలక వంకరపోవును. ఎండనిచ్చినను ఆకారము మారవచ్చును. బొగ్గుపొడి, ఇటుకపొడి రుద్దినచో గీతలు పడి, ఆ గీతలలో మురికి చేరును. నీరున్న పళ్లెముపై పట్టుకొని మెత్తని కుంచెతో కడిగినచో జాఱిపడినను పగులదు. రాత్రివేళ తీసి చల్లని నీటిలో నుంచవలెను. లేనిచో చిగుళ్లపై బూజుజాతి సూక్ష్మజీవులు పెరిగి మంట పుట్టించును. విఱిగినదానిని అంగడి జిగురుతో అతుకక వైద్యునికి చూపవలెను.

మన గ్రంథాలయ సభ్యులు ఈ నాలుగు మాటలను తమ ఇండ్లలోని పెద్దలకు చదివి వినిపింతురు గాక! వారు హాయిగా నమిలి, స్పష్టముగా మాటలాడి, తమకు తెలిసిన పూర్వగాథలను మనకు చెప్పుదురు గాక!