రోమకుల మట్టిదీపము

రోమక సామ్రాజ్య మనగానే చలువరాతి స్తంభములు, విజయతోరణములు మనస్సున మెదలుట సహజమే కాని, ఆ నగరములలో ప్రొద్దు గ్రుంకిన పిమ్మట సామాన్యుడు ఏ వెలుతురున భుజించెనో, ఏ వెలుతురున లెక్కలు వ్రాసికొనెనో తెలియవలెనన్న, అరచేత నిముడు మట్టిదీపమును పరికింపక తప్పదు. అది మన ప్రమిదవలె నోరు తెరచియుండునది కాదు. పైన కప్పు గల గుండ్రని పాత్ర; కప్పు నడుమ పల్లపు బిళ్ళ, అందు ఆలివ్ నూనె పోయుటకు చిన్న రంధ్రము, ముందునకు సాగిన ముక్కున వత్తి. చిత్రవిలాసమంతయు ఆ బిళ్ళమీదనే: తలపడు ఖడ్గమల్లులు, రథపు పందెములు, వీనస్ దేవి, కొండొకచో సిగ్గెరుగని శృంగారము. సంవత్సరాదికి కానుకగా నిచ్చుకొను దీపములపై మాత్రము విజయదేవత, క్రొత్తయేటి శుభాకాంక్ష చెక్కిన డాలు పట్టి నిలుచును.

వీనిని సారెపైగాక అచ్చులలో చేసెడివారు. పైసగమున కొకటి, అడుగుసగమున కొకటి. మెత్తని బంకమన్ను వానిలో నదిమి, రెండు సగముల నతికి, అతుకు నునుపుచేసి, రంధ్రములు పొడిచి, పలుచని మట్టిపూత పూసి ఆవమున కాల్చెడివారు. అంగడిలో కొన్న దీపముమీదనే మరియొక అచ్చు తీయుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. అయితే మన్ను ఆరుటలోను కాలుటలోను కుదించుకొనును గనుక నకలు మూలముకంటె పిసరంత చిన్నది, నకలునకు నకలు మరింత చిన్నది. తొలుత కనుముక్కు తీరుతో వెలసిన మల్లుని ముఖము తుదకు వట్టి బొడిపెగా మిగులును. దీనిని కళాక్షీణత యని నేను నిందింపజాలను. ఆ బొమ్మ ఎన్ని బీదయిండ్ల గుమ్మములు దాటెనో ఆ బొడిపెయే చెప్పుచున్నది.

క్రీ.శ. 1వ శతాబ్ది ఉత్తరార్ధమున ఉత్తర ఇటలీలోని మోడెనా ప్రాంతమున ఫోర్టిస్ అను నామముద్రతో వెలువడిన దీపములు మరియొక తీరువి. అలంకారము మిక్కిలి తక్కువ. అడుగున ఉబ్బెత్తు అక్షరములలో పేరు. ఆ పేరునకే గిరాకి కాబోలు, దూరదేశపు కుమ్మరులు అచ్చుతోబాటు ముద్రను సైతము నకలు చేసికొనిరి. 2008లో మోడెనాలోనే ఒక కుమ్మరికుప్ప త్రవ్వగా, ఫోర్టిస్ పేరిటి దీపములతో కలసి ఇతరుల ముద్రలు గలవియు బయల్పడినవి.

క్రీ.శ. 79లో విసూవియస్ బూడిదక్రింద మునిగిన పాంపేయీ పట్టణమున, 1881లో ఒక సరకుపెట్టె దొరకెను. అందు దక్షిణ గాల్ దేశపు ఎఱ్ఱగిన్నెలు 90, ఉత్తర ఇటలీ దీపములు 37; ఒక్కటియు వాడినది కాదు. రెండు తావుల సరకు ఒకే పెట్టె కెక్కెనన్న, నడుమ నెవడో వర్తకుడు వానిని జతపరచి పంపియుండవలెను. పాంపేయీలో దీపములు చేయు కుమ్మరులు లేకపోలేదు; ఐనను అంత దూరపు మట్టిదీపములను తెప్పించి అమ్మినను గిట్టునని అతడు లెక్కవేసికొనెను.