శిక్ష మిగిల్చిన పేరు

బరాక్ ఒబామా అమెరికాలో పుట్టనే లేదన్న ప్రచారం ముదరడంతో, 2011 ఏప్రిల్‌లో ఆయన తన పూర్తి జనన ధ్రువీకరణ పత్రాన్ని బయటపెట్టవలసి వచ్చింది. మరుసటి ఏడాది జూలైలో వంశచరిత్రలను పరిశోధించే యాన్సెస్ట్రీ సంస్థ తన పరిశీలన ఫలితాన్ని ప్రకటించింది. ఒబామా పూర్వీకులలో ఒకడు 1640 నాటికే వర్జీనియాలో ఉన్న జాన్ పంచ్ అనే ఆఫ్రికన్ అయి ఉండే అవకాశం బలంగా ఉందన్నది దాని సారాంశం. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 136 ఏళ్ల మునుపటి మాట అది.

జాన్ పంచ్ గురించి తెలిసినదంతా ఒక తీర్పులోనే ఉంది. హ్యూ గ్విన్ అనే భూస్వామి వద్ద పనిచేసే ముగ్గురు సేవకులు మేరీల్యాండ్‌కు పారిపోయి పట్టుబడ్డారు. 1640 జూలై 9న వర్జీనియా న్యాయస్థానం ముగ్గురికీ ముప్పయ్యేసి కొరడా దెబ్బలు విధించింది. విక్టర్ అనే డచ్చివాడికీ, జేమ్స్ గ్రెగరీ అనే స్కాట్లాండ్ వాడికీ ఒప్పంద గడువుకు మించి నాలుగేళ్ల చాకిరీ కలిసింది. మూడవవాడైన పంచ్ మాత్రం బతికినంతకాలం సేవ చేయాలన్నారు. అతణ్ణి తీర్పు నీగ్రోగా పేర్కొన్నది. నేరం ఒక్కటే, శిక్షలు రెండు. వర్జీనియాలో వర్ణాన్ని బట్టి జీవితకాల దాస్యం విధించిన తొలి ఆధారాలలో ఒకటిగా ఈ తీర్పును చరిత్రకారులు పరిగణిస్తారు.

ఒబామా తండ్రి కెన్యా దేశస్థుడు. అందువల్ల అమెరికా బానిసత్వంతో ఆయన కుటుంబానికి సంబంధం లేదని చాలామంది భావించారు. పరిశోధకులు చూపిన దారి మాత్రం కాన్సాస్‌లో పుట్టిన శ్వేతజాతి తల్లి స్టాన్లీ ఆన్ డన్‌హామ్ వైపు నుంచి సాగింది. పంచ్ సంతానానికి తల్లి స్వేచ్ఛ గల శ్వేతజాతి స్త్రీ అని వారి అంచనా. బిడ్డ స్థితి తల్లి స్థితిని అనుసరిస్తుందని వర్జీనియా 1662లో శాసనం చేసింది. బానిస తల్లుల బిడ్డలను పుట్టుకతోనే బానిసలను చేసిన ఆ నియమమే స్వతంత్ర స్త్రీల బిడ్డలను కాపాడింది. బంచ్ అనే ఇంటిపేరుతో ఈ వంశీకులు వర్జీనియాలో భూములు సంపాదించారు. తరాలు గడిచేకొద్దీ శ్వేతజాతీయులుగానే లెక్కకు వచ్చారు.

పంచ్‌నూ బంచ్ కుటుంబాన్నీ నేరుగా కలిపే పత్రం దొరకలేదు. వర్జీనియా దస్తావేజులు ఎన్నో అంతర్యుద్ధంలో కాలిపోయాయి. మిగిలిన భూమి పత్రాలు, అరుదైన ఇంటిపేరు, బంచ్ వంశ పురుషుల డీఎన్‌ఏలో కనిపించిన ఆఫ్రికా మూలం ఆ నిర్ధారణకు ఆధారాలు.

బానిసల వారసులలో అత్యధికులకు ఈ మాత్రం ఆధారమైనా దొరకదు. 1850, 1860 జనగణనల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, వర్ణాలతో నమోదు చేశారే గాని, వారి పేర్లు దాదాపుగా రాయలేదు. విముక్తులైన తరువాత 1870లోనే వారిలో చాలామంది పేర్లు తొలిసారి జనగణనకు ఎక్కాయి. పంచ్ పేరు నిలిచిందంటే అతడు పారిపోయి పట్టుబడినందువల్లనే. కాగితం చూపమని ఒబామాను నిలదీసినవారు అడగని ప్రశ్న ఒకటుంది: ఆ కాగితాల్లో ఎవరి పేరు రాయాలో, ఎవరిది రాయకూడదో నిర్ణయించినది ఎవరు?